నిజమే, కానీ అలా తేలదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో తర్కం పాఠం గురించినవే ఎక్కువ. చెప్పేవాళ్లూ రాశారు, నేర్చుకునేవాళ్లూ రాశారు. నా ఉద్యోగ జీవితమంతా ఈ పాఠం చెబుతూనే గడిచింది, ఇప్పటికీ నాకు ఇంతకన్నా ఇష్టమైన పాఠం లేదు. అందుకే పేజీ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, తొమ్మిదో తరగతి పిల్లలకు సిలాజిజం, అంటే రెండు వాక్యాల నుంచి మూడోదాన్ని తేల్చే వాదన, మొదలుపెట్టాను. "పక్షులన్నీ ఎగురుతాయి. నిప్పుకోడి పక్షి. కాబట్టి నిప్పుకోడి ఎగురుతుంది" అని బోర్డు మీద రాసి, ఈ వాదన సరైనదేనా అని అడిగాను. క్లాసంతా తప్పంది. సరైనదే అని నేనంటే ఒకమ్మాయి లేచి, "నిప్పుకోడి ఎగరదని సైన్సు క్లాసులో మీరే చెప్పారు కదా టీచర్" అంది. ఎంత వివరించినా నేనేదో మాటల గారడీ చేస్తున్నట్టే చూశారు. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేమీ లేదండీ. ఆ మాట అందరి ముందూ ఆమెకు చెప్పండి. "సరైనదేనా" అని మీరు అడిగినదాంట్లో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. చెప్పిన వాక్యాలు నిజమేనా అనేది ఒకటి. అవి నిజమే అనుకుంటే ముగింపును కూడా ఒప్పుకోక తప్పదా అనేది రెండోది. ఆమె మొదటిదానికి జవాబు చెప్పింది, మీరు రెండోదానికి ఎదురుచూశారు.

అందుకని కొన్నాళ్లపాటు "సరైనది" అనే మాటను క్లాసులోకి రానివ్వకండి. వాక్యాల గురించి మాట్లాడేటప్పుడు నిజం, అబద్ధం. వాదన గురించి మాట్లాడేటప్పుడు చెల్లుతుంది, చెల్లదు. ఎవరైనా "ఈ వాదన నిజం" అంటే అక్కడే ఆపి, మళ్లీ చెప్పమనండి. చాదస్తంలా కనిపిస్తుంది గానీ ఈ పాఠంలో సగం పని ఆ పట్టింపుతోనే అయిపోతుంది.

ఇక మొదలుపెట్టే చోటు. నిప్పుకోడితో వద్దు. అబద్ధమని తెలిసిన ముగింపు దగ్గర పిల్లలను తల ఊపమంటే వాళ్లు మొరాయిస్తారు, అది వాళ్ల నిజాయితీ. నేను దానికి ఎదురు వైపు నుంచి వస్తాను. ముగింపు నిజం, వాదన మాత్రం చెల్లదు, అలాంటిదాంతో. బోర్డు మీద ఇలా రాస్తాను:

ఆవులన్నీ క్షీరదాలు.
కొన్ని క్షీరదాలు గడ్డి తింటాయి.
కాబట్టి కొన్ని ఆవులు గడ్డి తింటాయి.

చెల్లుతుందని అందరూ ఒకే గొంతుతో అంటారు. నేను కాదనను. డస్టర్ తీసుకుని రెండో వాక్యంలోనూ మూడో వాక్యంలోనూ "గడ్డి తింటాయి" అన్నది తుడిచేసి, రెండు చోట్లా "ఎగురుతాయి" అని రాస్తాను. గబ్బిలం క్షీరదమే కాబట్టి రెండో వాక్యం ఇప్పటికీ నిజమే. ముగింపు మాత్రం "కొన్ని ఆవులు ఎగురుతాయి" అయింది. క్లాసు గొల్లుమంటుంది. నవ్వులు సద్దుమణిగాక ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మరి ముందుది ఎలా కుదిరింది?" పాఠం మొదలయ్యేది అక్కడే. ఆ ప్రశ్న పిల్లల నోటి నుంచే రావాలి.

ఒకసారి వెనక బెంచీ అబ్బాయి ఒకడు ఒప్పుకోలేదు. ఆవులు గడ్డి తింటాయని రెండో వాక్యంలోనే ఉందన్నాడు. రమ్మని, ఆ వాక్యంలో "ఆవు" అనే మాట మీద వేలు పెట్టి చూపించమన్నాను. వచ్చాడు, వేలు ఆనించి చివరిదాకా చదివాడు, మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆ మాట అక్కడ లేదు. "నాకు తెలుసు కాబట్టి ఉందనుకున్నాను" అన్నాడు. నేను గంటసేపు చెప్పినా అంత స్పష్టంగా చెప్పలేను. ఆవులు గడ్డి తింటాయన్నది నిజమే, కానీ ఆ రెండు వాక్యాల నుంచి తేలలేదు. అది మనకు ముందే తెలుసు, తెలిసినదాన్ని మనమే బోర్డు మీదికి పంపించాం.

ఇది పిల్లల లోపం అనుకోకండి. ఇవాన్స్, బార్‌స్టన్, పొలార్డ్ అనే పరిశోధకులు 1983లో పెద్ద చదువుల విద్యార్థుల మీదే ఈ పరీక్ష చేశారు. వాదన చెల్లకపోయినా ముగింపు నమ్మేలా ఉంటే పదింట ఏడుసార్లు ఒప్పేసుకున్నారు. నమ్మశక్యం కాని ముగింపు ఉన్న చెల్లని వాదనలనైతే పదింట ఒక్కసారి మాత్రమే ఒప్పుకున్నారు. ముగింపు నచ్చితే దారిని ఎవరూ తనిఖీ చేయరన్నమాట.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. 1931-32లలో అలెగ్జాండర్ లూరియా అనే రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెల్లో బడి మొహం చూడని రైతులను అడిగాడు: ఉత్తరాన మంచు కురిసే చోట ఎలుగుబంట్లన్నీ తెల్లనివి, నోవాయా జెమ్లియా ఉత్తరాన ఉంది, అక్కడ ఎప్పుడూ మంచే, మరి అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగు? వాళ్లలో కొందరు, మేం చూడని చోటు సంగతి మేమెలా చెబుతాం, చూసినవాళ్లను అడగండి అన్నారు. వాళ్లకు ఆలోచించడం రాదని దీన్నుంచి తేల్చేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. చూడనిదాని గురించి చెప్పకూడదన్న నియమం ముందుపెట్టుకుని దాన్నుంచి ముగింపు తీసినవాడు తర్కం రానివాడెలా అవుతాడు? వాళ్లు ఒప్పుకోనిది ఈ ఆట నియమాన్ని. "ఈ రెండు వాక్యాలు తప్ప నీకు ఇంకేమీ తెలియదనుకో" అన్నదే ఆ నియమం. బడిలో కూర్చున్న పిల్లలకు కూడా అది దానంతటదే రాదు. పైకి చెప్పాలి, ప్రతిరోజూ చెప్పాలి. మీ నిప్పుకోడిని ఇవన్నీ అయ్యాక తీసుకురండి. అప్పుడు ఆ అమ్మాయే, "వాదన చెల్లుతుంది టీచర్, కానీ మొదటి వాక్యం అబద్ధం" అని చెబుతుంది.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు లాజిక్ చెబుతున్నాను. వృత్తాలు గీయిస్తున్నాను, అయినా "కొందరు" వచ్చిందంటే చాలు తప్పులే. "కొందరు గాయకులు డాక్టర్లు, కొందరు డాక్టర్లు ఈతగాళ్లు, కాబట్టి కొందరు గాయకులు ఈతగాళ్లు" అన్నది సగంమంది చెల్లుతుందంటారు. బొమ్మల జోలికి పోకుండా రూల్స్ బట్టీ పట్టించేస్తే త్వరగా తేలిపోతుందని తోటివాళ్లు అంటున్నారు. మీరేమంటారు?
– ఒక కోచింగ్ టీచర్

జవాబు: వాళ్లు గీసిన బొమ్మలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. చెల్లుతుందన్నవాళ్లు మూడు వృత్తాలూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయేలా గీసి ఉంటారు. చెల్లదన్నవాళ్లు గొలుసులాగా గాయకుల వృత్తం ఒక చివర, ఈతగాళ్ల వృత్తం ఇంకో చివర పెట్టి ఉంటారు. రెండు బొమ్మలూ ఇచ్చిన వాక్యాలకు సరిపోతాయి! తప్పు బొమ్మలో లేదు, ఒక్క బొమ్మతో ఆగిపోవడంలో ఉంది. చెల్లదని సరైన జవాబు రాసినవాడు కూడా ఒకే బొమ్మ గీసి, అందులో ఆ రెండు వృత్తాలూ తగల్లేదు కాబట్టి చెల్లదన్నాడేమో అడిగి చూడండి. వాడికీ పాఠం ఎక్కనట్టే. అలాంటివాడు రేపు "ఏ గాయకుడూ ఈతగాడు కాడు" అనే ముగింపు ఇస్తే, అదే బొమ్మ చూపించి చెల్లుతుందంటాడు.

కాబట్టి నా క్లాసులో ఒక పట్టుదల ఉండేది. మొదటి బొమ్మ గీయగానే జవాబు చెప్పనిచ్చేదాన్ని కాదు. ఇచ్చిన వాక్యాలు రెండూ నిలబడి, ముగింపు మాత్రం కూలిపోయే బొమ్మ గీయడానికి ప్రయత్నించాలి. గీయగలిగితే వాదన చెల్లదు. ఎటు తిప్పి గీసినా ముగింపు నిలబడే ఉంటే, ఎందుకు కూలడం లేదో నోటితో చెప్పగలగాలి. చెల్లుబాటు అంటే అర్థమే అది. ఆధార వాక్యాలు నిజమై, ముగింపు అబద్ధమయ్యే వీలే లేకపోవడం.

బొమ్మల్లోనూ రెండు రకాలున్నాయి, మీరు ఏది వాడుతున్నారో చూసుకోండి. గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ ఒక జర్మన్ రాకుమారికి రాసిన ఉత్తరాల్లో వాడిన వృత్తాలు మొదటి రకం. అవి 1768లో అచ్చయ్యాయి. వాటిలో వృత్తాలను సంబంధాన్ని బట్టి లోపలా బయటా పెడతాం. చూడగానే అర్థమవుతాయి, కానీ వాక్యంలో లేని సంగతిని కూడా బొమ్మ చెప్పేస్తుంది. రెండోది 1880లో జాన్ వెన్ ప్రతిపాదించిన పద్ధతి. మూడు వృత్తాలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి, బయటి భాగంతో కలిపి ఎనిమిది గదులు. ఏ గది ఖాళీ అని వాక్యం చెబితే ఆ గదిని నలుపు చేస్తాం. ఏ గదిలో ఎవరో ఒకరు ఉన్నారని చెబితే అక్కడ గుర్తు పెడతాం. రెండు గదుల్లో ఏదో తెలియకపోతే ఆ గుర్తును మధ్యనున్న గీత మీద పెడతాం.

ఈ గీత మీది గుర్తు మీద ఒక పీరియడ్ మొత్తం ఖర్చుపెట్టినా దండగ కాదు. మీ ఉదాహరణే తీసుకోండి. డాక్టరైన ఆ గాయకుడికి ఈత వచ్చో రాదో మనకు తెలియదు. కాబట్టి అతని గుర్తు ఈతగాళ్ల వృత్తపు గీత మీదే ఉండాలి. అలాగే ఈత వచ్చిన డాక్టరు పాడతాడో లేదో తెలియదు, ఆ గుర్తు గాయకుల వృత్తపు గీత మీద. ఇప్పుడు గాయకులూ ఈతగాళ్లూ కలిసే చోట ఖాయంగా ఉన్న గుర్తు ఒక్కటీ లేదు. చెల్లదు. పిల్లల చెయ్యి ఆ గుర్తును ఏదో ఒక గదిలోకి తోసేయాలని చూస్తుంది, గమనించండి. తెలియనిదాన్ని తెలియదని గీయడం వాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. అది అలవాటయ్యేదాకా ముందుకు వెళ్లవద్దు.

రూల్స్ సంగతి. నాలుగు రకాల వాక్యాలు (అన్నీ, ఏదీ కాదు, కొన్ని, కొన్ని కావు), మూడు స్థానాలు, రెండు ఆధార వాక్యాల్లోనూ వచ్చే మధ్య పదం కుదురుకునే నాలుగు తీర్లు కలిపి చూస్తే వాదనకు మొత్తం 256 రూపాలు. సంప్రదాయ లెక్కలో చెల్లేవి 24. మధ్యయుగాల్లో యూరప్ అధ్యాపకులు చెల్లే రూపాలకు బార్బరా, సెలారెంట్ అని పేర్లు పెట్టి లాటిన్ పద్యంగా వల్లె వేయించారు. అర్థమైనదాన్ని గుర్తుంచుకోవడానికి అది మంచి సాధనమే. అర్థం కాకముందే పెడితే మాత్రం ప్రశ్న కాస్త మారగానే చేతులెత్తేస్తారు. ముందు బొమ్మ, ఆ తర్వాతే రూల్. మీ తోటివాళ్లు త్వరగా అంటున్నది మొదటి వారం లెక్క. పరీక్ష నాటి లెక్క వేరుగా ఉంటుంది.

ప్రశ్న: టీచర్ గారూ, "కొన్ని పుస్తకాలు పాతవి" అంటే మిగతావి పాతవి కావనే కదా? టెస్టులో అలా రాస్తే మార్కు పోయింది.
– ఒక విద్యార్థి

జవాబు: మామూలుగా మాట్లాడుకునేటప్పుడు నువ్వన్నదే అర్థం చేసుకుంటాం నాన్నా. తర్కంలో మాత్రం "కొన్ని" అంటే కనీసం ఒకటి, అంతే. ఎందుకలా పెట్టుకున్నారో చెబుతాను. పెట్టె తెరిచి పైనున్న పుస్తకం చూశావనుకో. అది పాతది. కింద ఉన్నవి నువ్వింకా చూడలేదు. అయినా "ఈ పెట్టెలో కొన్ని పాతవి" అని ధైర్యంగా చెప్పగలవు. మిగతావి కూడా పాతవే అయితే నీ మాట అబద్ధమైపోతుందా? కాదు కదా. చూసినంతవరకే చెప్పే మాట అది.

దీనికి తోడు ఇంకోటి కూడా తెలుసుకో. "పక్షులన్నీ ఎగరవు" అని రాస్తే, ఏ పక్షీ ఎగరదని ఒకరు, ఎగరనివి కొన్ని ఉన్నాయని ఇంకొకరు చదువుతారు. లాజిక్ పేపర్లో అలా రాయకు. "ఏ పక్షీ ఎగరదు" అనో, "కొన్ని పక్షులు ఎగరవు" అనో తేల్చి రాయి.

పైన చెల్లే రూపాలు 24 అన్నాను కదా, కొన్ని పుస్తకాల్లో 15 అని కనిపిస్తుంది, కంగారు పడకు. "లోపలికి చొరబడినవారందరికీ శిక్ష" అనే బోర్డు, ఒక్కరూ చొరబడకపోయినా నిజమే. అంటే "అందరూ" అన్న వాక్యం నిజమైనంత మాత్రాన అలాంటివాళ్లు ఒక్కరైనా ఉన్నారని తేలదు. ఆధునిక తర్కం ఈ దారి పట్టింది. అందుకే "అందరూ", "ఎవరూ" అనే వాక్యాల నుంచి మాత్రమే "కొందరు" అనే ముగింపు తీసే తొమ్మిది రూపాలను పక్కన పెట్టింది.

ప్రశ్న: అమ్మా, మన ప్రాచీన తర్కమైన న్యాయ దర్శనంలో వాదనకు అయిదు అవయవాలు (భాగాలు) ఉన్నాయి. అరిస్టాటిల్ చెప్పింది మూడు వాక్యాలే. పిల్లలకు రెండూ కలిపి చెబితే బాగుంటుందా?
– సంస్కృతం చదువుకుంటున్న ఒక పాఠకుడు

జవాబు: రెండూ చెప్పాలి, ఒకే వారంలో మాత్రం వద్దు. "కొండ మీద నిప్పుంది" అనేది ప్రతిజ్ఞ. "పొగ ఉంది కాబట్టి" హేతువు. "ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగా" ఉదాహరణ. "ఈ కొండా అలాంటిదే" ఉపనయం. "కాబట్టి నిప్పుంది" నిగమనం. మూడే చాలు, మిగతా రెండూ పునరుక్తి అని కొందరు తేలిగ్గా తీసేస్తారు. అది అన్యాయం. తనకు తాను తెలుసుకోవడం స్వార్థానుమానం, ఎదుటివాడికి నమ్మకం కలిగేలా చెప్పడం పరార్థానుమానం. అయిదూ కావాల్సింది ఎదుటివాడి కోసం.

అసలు తేడా వేరే చోట ఉంది. న్యాయ దర్శనం పాటించే నైయాయికుడికి కావాల్సింది జ్ఞానం. నిప్పుకోడి వాదన లాంటిది ఆయన ముందు పెడితే, వ్యాప్తే (ఎక్కడ ఇది ఉంటే అక్కడ అది ఉంటుందనే నియమమే) తప్పయినప్పుడు అది అనుమానమే (హేతువును బట్టి తెలుసుకోవడమే) కాదంటాడు. అరిస్టాటిల్ దారిలో రూపాన్ని విడిగా తీసి, వాక్యాల సత్యంతో పనిలేకుండా తూచవచ్చు. సత్యాన్నీ చెల్లుబాటునూ విడదీయడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లవాడికి రెండూ ఒకేసారి ఇస్తే తికమక పడతాడు.

ఆ మెట్టు దాటాక మాత్రం న్యాయం నుంచి తీసుకోవాల్సింది చాలా ఉంది. 17వ శతాబ్దంలో అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలోనే ఒక ఆణిముత్యం ఉంది. వాదనను తిరగేసి, "కొండ మీద పొగ ఉంది, నిప్పు ఉంది కాబట్టి" అంటే ఏమవుతుంది? ఎర్రగా కాలిన ఇనుప గుండును చూపిస్తారు. అందులో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. ఆ తడి కట్టెనే ఉపాధి, అంటే వాదనలో చెప్పకుండా దాగి ఉన్న షరతు, అన్నారు. "చేపలన్నీ ఈదుతాయి, తిమింగలం ఈదుతుంది, కాబట్టి తిమింగలం చేప" అన్న పిల్లవాడు చేసిందీ అలాంటి తిరగేతే. చేపలన్నీ ఈదితే ఈదేవన్నీ చేపలని అనుకున్నాడు. వాడికి ఇనుప గుండు కథ చెప్పి, "ఇక్కడ నీ ఇనుప గుండు ఏది?" అని అడగండి. ఈదే కప్పనో బాతునో పట్టుకొస్తాడు. ప్రత్యుదాహరణ అనే మాటకు నిర్వచనం చెప్పాల్సిన పనే ఉండదు.

ప్రశ్న: సిలాజిజం అయ్యాక "ఇది అయితే అది" అనే తరహా వాక్యాలు మొదలుపెట్టాలి. ఆసక్తి కలిగించేది ఏదైనా ఉందా?
– ఒక అధ్యాపకుడు

జవాబు: పీటర్ వాసన్ 1966లో వెల్లడించిన నాలుగు కార్డుల పరీక్ష పెట్టండి. మన అక్షరాలతో బాగా కుదురుతుంది. బల్ల మీద నాలుగు కార్డులు: ఆ, క, 4, 7. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, ఇంకోవైపు అంకె. నియమం ఇది: ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది. నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? చాలామంది ఆ, 4 అంటారు. తిప్పాల్సినవి ఆ, 7. నాలుగు వెనక హల్లున్నా నియమానికి వచ్చే నష్టమేమీ లేదు. ఏడు వెనక అచ్చుంటే మాత్రం నియమం పోయినట్టే. జవాబు చెప్పేయకుండా కార్డులు పిల్లల చేతికే ఇచ్చి, వాళ్లను వాదించుకోనివ్వండి.

ప్రశ్న: పరీక్షలో "చెల్లుతుంది / చెల్లదు" అని టిక్ పెట్టమంటే, ఊహించి పెట్టినవాళ్లకూ సగం మార్కులు వచ్చేస్తున్నాయి. ఇంకెలా అడగాలి?
– ఒక లెక్చరర్

జవాబు: టిక్‌కు ఒక్క మార్కే ఇవ్వండి. చెల్లదన్నవాళ్లు అదే రూపంలో ఆధార వాక్యాలు నిజమై ముగింపు అబద్ధమైన ఇంకో వాదన రాయాలి, అసలు మార్కులు దానికి. ఇది కాక నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటుంది: మీరు గట్టిగా నమ్మే అభిప్రాయం ఒకటి రాయండి, దానికి చెల్లని వాదన ఒకటి, చెల్లే వాదన ఒకటి ఇవ్వండి. తాము నమ్మినదాని మీదే ఈ పని చేయడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

ఒకమ్మాయి, మొబైల్ క్లాసును చెదరగొడుతుందని రాసింది. "క్లాసును చెదరగొట్టేవన్నీ శబ్దం చేస్తాయి, మొబైల్ శబ్దం చేస్తుంది" అన్నది చెల్లని వాదన. "శబ్దం చేసేవన్నీ క్లాసును చెదరగొడతాయి, మొబైల్ శబ్దం చేస్తుంది" అన్నది చెల్లే వాదన. రెండూ సరిగ్గా రాశాక కింద ఇంకో లైను చేర్చింది. వాదన చెల్లడం కోసం మొదటి వాక్యం రాశాను గానీ దాన్ని నేను ఒప్పుకోలేను, మీరు పాఠం చెప్పినా శబ్దమే కదా టీచర్, నా అభిప్రాయానికి ఇంకో ఆధారం వెతుక్కోవాలి అని. ఆ లైను నేను అడిగింది కాదు. పూర్తి మార్కులు వేసి, ఆ పేపర్ క్లాసులో చదివి వినిపించాను.